కిటికీలు మూసిన క్లాసు

శనివారం తెలుగు క్లాసులు చెప్పడానికి కొత్తగా చేరిన మీకు ట్రైనింగులో పన్నెండు కేసు కాగితాలు ఇస్తారు. అన్నీ కంప్యూటరు అచ్చే. ఏడో నంబరు కాగితం చివర మాత్రం ఒక వరస చేతిరాతతో ఉంటుంది. జిరాక్సు మీద జిరాక్సు తీసి తీసి అది సగం మసకబారిపోయిందట. అదెవరి రాత అని ప్రతి బ్యాచీలోనూ ఎవరో ఒకరు అడుగుతున్నారని విన్నాను. ఆ రాత నాది. రిటైరై ఇంట్లో కూర్చున్నాను, ఇప్పుడు నన్ను తప్పుపట్టేవాళ్ళు కూడా ఎవరూ లేరు కాబట్టి చెప్పేస్తాను.

నేను ఉడుమలైపేట పక్కన కొబ్బరితోటల ఇళ్ళలో పుట్టినదాన్ని. మా తాతల తాతలు ఎప్పుడు వచ్చారో ఎవరికీ తెలియదు గానీ తెలుగు మాత్రం వదల్లేదు. మా ఆడవాళ్ళు నలుగురు బస్సెక్కితే కండక్టరు టిక్కెట్టు ఇవ్వడం మరిచిపోయి మా మాటలు వింటూ నిలబడతాడు. అంత గొంతు మాది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. మాట్లాడేవాళ్ళు వేలమంది ఉన్నా చదవగలిగేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కోయంబత్తూరులో ఒక స్కూల్లో ముప్పై ఏళ్ళు తెలుగును రెండో భాషగా చెప్పి, ఆ తరవాత మన ట్రస్టులో టీచర్లకు ట్రైనింగు ఇచ్చే పనిలో చేరాను.

మన టీచర్లు ఎవరు? ఇంటిపని ముగించుకుని వచ్చే కోడళ్ళు, రిటైరైన గుమాస్తాలు, మిల్లు ఆఫీసులో టైపు కొట్టేవాళ్ళు. వాళ్ళకు బోధనాశాస్త్రం మీద ఉపన్యాసం ఇస్తే మధ్యాహ్నం భోజనం తరవాత ముందు వరసే కునికిపాట్లు పడేది. నాకు ముక్కు మీద కోపం. రెండు బ్యాచీలు చూసి ఉపన్యాసాలు మానేశాను. నేనే ఒక క్లాసుకు వెళ్ళి, జరిగింది జరిగినట్టు ఒక పేజీలో రాసి, పేర్లూ ఊళ్ళూ తీసేసి, చివర "మీరైతే ఏం చేస్తారు?" అని పెట్టేదాన్ని. ఇక చూడాలి. ఒకామె పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టాలంటుంది, ఇంకొకాయన వాళ్ళమ్మను పిలిపించాలంటాడు, మూడో ఆమె ఇద్దరూ తప్పంటుంది. నిద్ర మాటే లేదు.

దానికి నేను పెట్టిన నియమం ఒక్కటే. కాగితంలో ఉన్నదాని గురించే మాట్లాడాలి, లేనిది తేకూడదు. ఆ కట్టడి లేకపోతే ప్రతివాళ్ళూ తమ ఆడబిడ్డ కొడుకు కథ మొదలుపెడతారు. ఆ నియమం అంటే నాకు చాలా గర్వం. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి కింద గీత కూడా గీసేదాన్ని.

ఇప్పుడు ఈ కథకు అసలు మనిషి గురించి. ఆమెకు నలభై దాటి ఉంటాయి. సూలూరు అవతల ఒక కాలనీ, మా వైపు ఊరి బయట వాడలను అలాగే అంటారు. కోయంబత్తూరులో ఒక కంటి ఆసుపత్రిలో వార్డు పని చేసేది, శనివారం సెలవు అడిగి తీసుకుని కాలనీ పిల్లలకు తెలుగు చెప్పేది. బడిలో చదివింది తమిళమే. మరి తెలుగు అక్షరాలు ఎక్కడ నేర్చుకుందంటారా? ఆ ఆసుపత్రికి ఆంధ్ర నుంచి కంటి ఆపరేషన్లకు చాలామంది వస్తారు. వాళ్ళతో ఈమె తెలుగులో మాట్లాడేది. మొదట్లో ఈమె తెలుగు విని నవ్వేవాళ్ళట, తరవాత ఈమె కోసమే ఎదురుచూసేవాళ్ళట. కళ్ళకు కట్టు కట్టి ఉన్న ఒక ముసలామె, పలకా బలపమూ ఏమీ లేకుండా, ఈమె అరచేతిలో వేలితో అ ఆలు దిద్దించింది. మూడు రోజులకు ఆమె వెళ్ళిపోతే, తరవాత మంచం మీదికి వచ్చినాయన ఒత్తులు చెప్పాడు. అలా రెండేళ్ళపాటు వచ్చేపోయే రోగుల దగ్గర చదువు నేర్చింది. ట్రైనింగుకు వచ్చేసరికి మా బ్యాచీలో అందరికంటే స్పష్టంగా చదివేది ఆమే.

అయితే ఆమె క్లాసు మీదే కత్తి వేలాడుతుండేది. పళని దగ్గర వాళ్ళు తమకూ ఒక క్లాసు కావాలని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నారు. మన సెక్రటరీ ఒక మిల్లులో మేనేజరు చేసి వచ్చిన మనిషి, పనిచేయని యంత్రాన్ని షెడ్డులో ఉంచడం ఆయనకు నచ్చదు. సూలూరు కాలనీ పిల్లలు వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కి ఒక్క ముక్క తెలుగు చెప్పలేదు, తల వంచుకుని దిగిపోయారు. ఆ క్లాసు ఎత్తేసి పుస్తకాల బీరువా పళనికి పంపుదామా, ఒకసారి చూసి రిపోర్టు రాయండి అన్నాడు. సరేనని ఒక శనివారం మధ్యాహ్నం వెళ్ళాను.

నాలుగు అడుగులు వేస్తే అవతలి గోడ తగిలే గది. పక్కనే మరమగ్గాల షెడ్డు. ఎండ మాడ్చేస్తుంటే రెండు కిటికీలూ గట్టిగా మూసి ఉన్నాయి. లైటు వెలగడం లేదు, ఫ్యాను తిరగడం లేదు. పద్నాలుగు మంది పిల్లలు ఆ చీకట్లో చాప మీద కూర్చున్నారు. టీచరు గుసగుసగా మాట్లాడుతోంది. నేను తెలుగులో పేర్లు అడిగితే తమిళంలో చెప్పారు. రిబ్బన్లు కట్టుకున్న పదేళ్ళ పిల్ల ఒకతి నా వైపు చూసి, టీచరు వైపు చూసి, చాప పీచు లాగుతూ కూర్చుంది. నలభై నిమిషాలు కూర్చున్నాను. ఆ ఉక్కకు నా సీసాలో నీళ్ళన్నీ అయిపోయాయి గానీ పిల్లల నోట ఒక్క తెలుగు మాట రాలేదు.

ఇంటికొచ్చి రిపోర్టూ రాశాను, కేసూ రాశాను. కేసులో టీచరును మగవాణ్ణి చేశాను, సూలూరును "ఒక మిల్లు ఊరు" చేశాను. కిటికీలు మూసి ఉన్నాయి, గది చీకటి, టీచరు గొంతు పెగలదు, పిల్లలు తెలుగులో జవాబు చెప్పరు, మీరైతే ఏం చేస్తారు? చాలా బాగా కుదిరిందనుకున్నాను. రిపోర్టులో ఈ క్లాసు వల్ల ఉపయోగం కనబడలేదని రాసి పంపేశాను.

ట్రైనింగు రోజు పాతికమంది దాకా వచ్చారు. సెక్రటరీ వెనక కుర్చీలో కూర్చున్నాడు. కేసు గట్టిగా ఎవరు చదువుతారంటే అందరూ ఆమె వైపే చూశారు, నేను కూడా ఆమెకే ఇచ్చాను. గుర్తుపట్టదనుకున్నానా అని తరవాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. లేదు. గుర్తుపట్టినా ఏమీ అనదనుకున్నాను.

ఆమె లేచి నిలబడి మొదటి వరస నుంచి చివరి వరస దాకా ఎక్కడా తడబడకుండా చదివి కూర్చుంది.

తరవాత మావాళ్ళు విజృంభించారు. ఒకామె ముందు ఆ కిటికీలు బార్లా తెరవాలంది. ఒకాయన పిల్లల్ని వీధిలో నిలబెట్టి గొంతెత్తి చెప్పించాలి, సిగ్గు దానంతటదే పోతుందన్నాడు. టీచరుకే తెలుగు వచ్చినట్టు లేదు, అందుకే గుసగుసలాడుతున్నాడని ఇంకొకామె నవ్వింది. నేను బోర్డు మీద అన్నీ రాసుకుంటూ పోతున్నాను. ఇటువంటి క్లాసు ఉంచడం దండగ అని వెనకనుంచి సెక్రటరీ అన్నాడు. అప్పుడు ఆమె చెయ్యెత్తింది. కాగితంలో లేనిది ఒకటి చెప్పవచ్చా అని అడిగింది.

నేనేం చేశాను? చాక్‌పీసుతో బోర్డు మీది నియమం చూపించాను. కుదరదన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెయ్యి నేనే విరగ్గొట్టుకోవాలనిపిస్తుంది.

ఆమె లేచి నిలబడింది. కాగితం మళ్ళీ తీసి ఒకసారి చూసుకుంది.

"సరిమ్మా. ఉన్నదాంట్లోనే అడుగుతాను. జన్నల్ మూసి ఉండాదని రాసినారు. ఎవరు మూసినారని రాయలా."

కిటికీలు మూసింది టీచరే కదా అన్నాను. టీచరే అని కాగితంలో ఎక్కడుందో చూపించమంది. లేదు. నేనే రాసిన కాగితం, నాకే దొరకలేదు.

"పిల్లకాయలు మూసుకుంటారమ్మా. వచ్చినాక మొదటి పని అదే. వీధిలోకి తెలుగు వినపడకూడదని."

హాల్లో ఎవరో ఎందుకని అడిగారు. ఆమె వాళ్ళ వైపు తిరగలేదు, నన్నే చూస్తూ చెప్పింది.

"మీరు బస్సులో తెలుగు మాట్లాడితే తోటలుండే వాళ్ళనుకుంటారు. మేము మాట్లాడితే ఏ కాలనీ అని అడుగుతారు."

కోపంగా అనలేదు. ఆసుపత్రిలో మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పే గొంతుతోనే అన్నది. రిబ్బన్ల పిల్ల సంగతి కూడా చెప్పింది. ఆ పిల్ల అన్నం డబ్బా మరిచిపోతే తల్లి బడి గేటు దగ్గరికి తెచ్చి, తెలుగులో పేరు పెట్టి పిలిచి ఇచ్చిందట. మర్నాటి నుంచి ఆ బెంచీలో మిగతా పిల్లలు తమ డబ్బాలు తీసుకుని వేరే బెంచీకి జరిగారు. గేటు దగ్గరికి ఇంకెప్పుడూ రావద్దని ఆ పిల్ల తల్లికి చెప్పింది. అప్పటినుంచి ఇంట్లో కూడా తమిళమే మాట్లాడుతోంది. తెలుగులో అడిగితే తల్లికి కూడా జవాబు ఇవ్వదు.

ఇంకా అయిపోలేదు. కాగితంలో ఇంకొకటి అడుగుతానంది. ఆ రోజు కరెంటు ఉందా లేదా, పక్క షెడ్డులో మగ్గాలు, ఆమె మాటలో తరి, ఆడాయా లేదా రాయలేదు కదా అంది.

"తరి ఆడేటప్పుడు ఆ సద్దులో పిల్లకాయలు గట్టిగానే చదువుతారమ్మా. బయట ఎవరికీ వినపడదు గదా. ఆ సద్దు కోసమే తరిషెడ్డు పక్కన ఇల్లు అడిగి పట్టినాను. మీరు వచ్చిన దినం షట్‌డౌన్. తరి ఆడలా."

"మీరు వచ్చిన దినం" అన్నప్పటికి గానీ హాల్లో వాళ్ళకు ఆ టీచరు ఈమేనని అర్థం కాలేదు. ఇందాక నవ్వినామె తల దించుకుంది. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని. క్లాసు గది ఎలా ఉండాలని అడిగితే మొదటి మాటగా సద్దు లేని చోట అని చెప్పేదాన్ని. ఈమె సద్దును వెతుక్కుని వెళ్ళి దాని కింద పద్నాలుగు మంది పిల్లలకు చదువు చెబుతోంది. అంత తెలివి నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ నేర్పలేదు.

మరి కిటికీలు మీరే తెరిచెయ్యొచ్చు కదా, ఇంకా ఎన్నాళ్ళు పడుతుందని సెక్రటరీ అడిగాడు.

"నేను తెరిస్తే ఒక నిమిషం సార్. వాళ్ళు తెరవాలంటే ఎన్నాళ్ళో నాకు తెలవదు."

నేను అందరి ముందే నా రిపోర్టు వెనక్కి అడిగాను. చూసింది తప్పుగా చూశానని ఒప్పుకున్నాను. సెక్రటరీ మొహం మాడ్చుకున్నాడు. ఆయన్నీ తప్పుపట్టలేం, పళని వాళ్ళకూ పిల్లలున్నారు. చివరికి పెద్ద పరీక్షలయ్యేదాకా గడువిచ్చాడు. ఆ లోపల ఆ పిల్లలు నలుగురికీ వినబడేలా తెలుగు చదివినట్టు నేను స్వయంగా విని రాయాలి, లేకపోతే బీరువా పళనికి వెళ్ళిపోతుంది. మగ్గాల చాటున చదివింది లెక్కలోకి రాదని కూడా అన్నాడు.

భోజనాల దగ్గర విస్తరి ముందు కూర్చున్నాను గానీ అన్నం దిగలేదు. ఆ రోజు ఆ గదిలో జరిగింది మొదటినుంచి మళ్ళీ తలుచుకున్నాను. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆమె స్టీలు గ్లాసులో నీళ్ళు తెచ్చింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, నా సీసా ఉందిలే అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు. ఆ వైపు ఇళ్ళకు వెళితే మా ఇంట్లో మా అమ్మ అలాగే అనేది, మా అమ్మమ్మ అసలు గుమ్మమే ఎక్కేది కాదు. నేను చదువుకున్నదాన్ని, గుమ్మం ఎక్కాను, చాప మీద కూర్చున్నాను, చాలా మారిపోయాననుకున్నాను. పద్నాలుగు మంది పిల్లలు ఆ గ్లాసు తిరిగి లోపలికి పోవడం చూశారు. ఆ తరవాత నేను వాళ్ళను తెలుగులో మాట్లాడమన్నాను.

లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. నీళ్ళ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె నవ్వింది.

"కాయితంలో లేదు గదమ్మా."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. అంతమంది ముందు నా పరువు ఆమె చేతిలో ఉంది, ఆమె దాన్ని నా నియమంలోనే చుట్టి నాకే తిరిగిచ్చింది. నా కంటే పదిహేనేళ్ళు చిన్నది. అప్పుడే ఆమెకు దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టలేదు. అక్కడే తప్పయిందని మాత్రం చెప్పాను. పరవాయిల్లమ్మా, అన్నం తినండి అంది.

ఆ తరవాత వీలైన ప్రతి శనివారం వెళ్ళాను. లోపలికి కాదు. నేను కనబడితే పిల్లల నోళ్ళు మూతపడేవి కాబట్టి, వాళ్ళు కిటికీలు మూసుకున్నాక వెళ్ళి కిటికీ పక్కన, వీధి మెట్టు మీద కూర్చునేదాన్ని. మగ్గాల మోతలో లోపల ఏదో కోరస్‌గా చదువుతున్నారని మాత్రం తెలిసేది. ఆమె పాఠాన్ని మగ్గాలతో కలిపి నడిపేది. మగ్గాలు ఆడుతున్నంతసేపు చదువు, షెడ్డు వాళ్ళు టీకి ఆపితే రాత. మళ్ళీ మోత మొదలవగానే నోటుపుస్తకాలు మూసి చదువు. పాఠ ప్రణాళికలు అని నేను ఎన్ని కట్టలు రాసి ఉంటాను! ఇలాంటిది ఒక్కటి రాయలేదు. ఎప్పుడూ ఆమె పిల్లల్ని గట్టిగా చదవమనలేదు. కిటికీ మాట ఎత్తనే లేదు. గడువు దగ్గర పడుతున్నకొద్దీ నాకే మనసు నిలిచేది కాదు. ఒక్కసారి తెరవమని చెప్పి చూడమని ఒకరోజు నోరు జారాను కూడా. ఆమె విననట్టే నోటుపుస్తకాలు దిద్దుకుంటూ పోయింది.

చివరి శనివారం వచ్చింది. సోమవారం రిపోర్టు ఇవ్వాలి. ఆ రోజు మగ్గాలు బాగానే ఆడుతున్నాయి, లోపల చదువు సాగుతోంది, నేను మెట్టు మీద కూర్చుని రిపోర్టులో ఏం అబద్ధం రాయవచ్చా అని ఆలోచిస్తున్నాను. నిజమే, ఆ మాటకొస్తే అబద్ధమే రాయాలని నిర్ణయించుకున్నాను. అంతలో కరెంటు పోయింది.

షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. వీధి ఎంత నిశ్శబ్దమైందంటే ఎదురింట్లో ప్రెషరు కుక్కరు సద్దు వినబడింది. లోపల కోరస్ తెగిపోయింది. అయిపోయింది, ఇక నోటుపుస్తకాలు తీస్తారు అనుకున్నాను. కానీ ఒక్క గొంతు, సన్నగా, ఆగిన చోటినుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలు చదివి ఆగింది. చీకట్లో అక్షరాలు కనబడటం లేదని ఆ గొంతే తెలుగులో అంది. నా తల పక్కన గడియ తీసిన సద్దయింది. కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది.

రిబ్బన్ల పిల్ల. చేతిలో పుస్తకం. వెలుతురు కోసం తెరిచింది, ఇంకేమీ కాదు. కింద మెట్టు మీద నన్ను చూసి బిత్తరపోయింది. సరిగ్గా అప్పుడే వీధి మలుపులోంచి స్కూటీ మీద ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పక్క వీధి వాళ్ళు, ఆ కాలనీ వాళ్ళు కాదు. బండి నెమ్మదిగా పోతోంది, వాళ్ళు ఇటే చూస్తున్నారు. ఆ పిల్ల వాళ్ళను చూసింది. తమిళంలోకి మారుతుందని, లేదా కిటికీ మూసేస్తుందని అనుకున్నాను.

"అవ్వా, ఎండలో ఏమిటికి కూర్చోనుండారు? లోపలికి రాండి."

తెలుగులోనే. వీధిలోకి. స్కూటీ వెళ్ళిపోయింది.

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. లోపలికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, దాహంగా ఉంది, నీళ్ళిస్తారా అని అడిగాను. టీచరు లేవబోయింది గానీ ఆ పిల్లే పరుగెత్తి స్టీలు గ్లాసు నిండా తెచ్చింది. తాగాను. ఇంకో గ్లాసు అడిగి అదీ తాగాను. పద్నాలుగు మందీ చూస్తూనే ఉన్నారు. టీచరు పిల్ల చదువుతున్న పేజీ వేలితో చూపించి, చదువు కన్నా అంది. కిటికీ ఒక రెక్క అలాగే తెరిచి ఉంది. రెండో కిటికీ ఆ రోజు తెరవలేదు. దాని గురించి నేనూ అడగలేదు.

సోమవారం, జరిగింది జరిగినట్టే రాసిచ్చిన నా రిపోర్టును సెక్రటరీ నిలబడే చదివాడు. అప్పుడు కరెంటు ఉందా అని ఒకటే అడిగాడు. లేదన్నాను. సంతకం పెట్టాడు. పళనికి వేరే బీరువా చూద్దామన్నాడు. ఆ క్లాసు ఇవాళ్టికీ నడుస్తోంది, ఆమె ఇప్పటికీ ఆసుపత్రిలో శనివారం సెలవు అడిగి తీసుకుంటోంది.

మీరూ రేపు కేసులు రాస్తారు. మీరు చూసిన గదిలో మీరు కూడా ఉన్నారు, అది మరిచిపోకండి, నేను మరిచిపోయాను. బోర్డు మీది నియమం నేనే చెరిపేశాను. ఏడో నంబరు కాగితాన్ని మళ్ళీ టైపు చేయిద్దామని ఆఫీసులో అన్నారు గానీ వద్దన్నాను. నేను రాసిన తప్పు అలాగే ఉండాలి. దాని కింద నా చేత్తోనే ఒక్క వరస కలిపాను. జిరాక్సులో సరిగా కనబడని వాళ్ళ కోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను:

"ఆ ఇంట్లో నీళ్ళు ఇచ్చారు. చూడడానికి వచ్చినామె వద్దన్నది."